మంచు అడుగున గాలి

నేను ఇంతవరకు మంచు కురవడం చూడలేదు. ఫ్రిజ్ పైఅరలో పేరుకునేది, ఎండాకాలం బద్వేలులో ఐస్ బండివాడు గీకి రంగునీళ్లు పోసి ఇచ్చేది, నాకు తెలిసిన మంచు అంతే. అయినా నా పని మంచుతోనే. దక్షిణ ధ్రువం మీద పేరుకున్న మంచులో చిక్కుకున్న పాత గాలిని ఎవరో సీసాల్లో పట్టి తెస్తారు. అందులో మీథేన్ ఎంతుందో నేను కొలుస్తాను. ఈ సంగతి చెబితే మా ఊరివాళ్లు ముందు నా ముఖం చూసి, తర్వాత నడినెత్తిన ఎండ చూసి, మాట మార్చేస్తారు.

కడపలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. పేడ గ్యాస్ మీద పరిశోధనకని ఎప్పుడో కొన్న మెషిన్ ఒకటి అక్కడ మూలన పడి ఉంటే, దుమ్ము దులిపి బాగు చేసుకున్నాను. దాని లోపల చిన్న మంట ఉంటుంది. గాలిలోని మీథేన్ వచ్చి ఆ మంటలో కాలితే స్క్రీన్ మీద గీత లేస్తుంది. గీత ఎంత ఎత్తు లేస్తే అంత మీథేన్. నేను చదువుకున్న పెద్ద ల్యాబ్ సముద్రం ఒడ్డున ఉంది. వాళ్లు కొలిచిన సీసాల్లో కొన్నింటిని సరిచూడమని నాకు పంపడం అలవాటు. ఈ ఎండాకాలం వాళ్ల మెషిన్ మరమ్మతులో పడింది. అందుకని ఎవరూ కొలవని సీసాలే నేరుగా నా దగ్గరికి వచ్చాయి.

మా నాయనది బద్వేలు పక్కన చిన్న పల్లె. కొద్ది భూమి, మేం చీనీ అనే బత్తాయి చెట్లు, ఒక బోరు, డ్రిప్పు. ఆదివారం చర్చిలో సంఘపెద్ద, మిగతా రోజుల్లో ఊళ్లో మోటార్లన్నిటికీ డాక్టరు. స్టార్టరు కాలినా, వాల్వు బిగుసుకుపోయినా ఆయన్నే పిలుస్తారు. ఆయనకు రాని విద్య ఒకటే, తప్పు ఒప్పుకోవడం. పెళ్లయిన కొత్తలో మా అమ్మ అది నేర్పించాలని చూసి, తన వల్ల కాదని వదిలేసింది. అదే విద్య నాకూ రాలేదని ఆమె అంటుంది. అది అబద్ధం.

కడప వచ్చినప్పుడల్లా నాయన నా ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని ఏదో ఒకటి అడుగుతాడు. మంచులో గాలి సంగతి అట్లాగే ఒకరోజు వచ్చింది.

“గడ్డకట్టినదాంట్లోకి గాలి ఎట్ల పోతాది?”

“పడిన రోజే గడ్డ కట్టదు నాయనా. పడినదాని మీద పడుతూ, బరువుకు అణుగుతూ, శానా లోతు వరకు గుల్లగుల్లగా ఉంటుంది. ఆ సందుల్లోంచి పై గాలి మెల్లగా కిందికి దిగుతుంది. దిగేకొద్దీ పాతబడుతుంది. అడుగున సందులన్నీ మూసుకుపోయి గాలి బుడగల్లో చిక్కుకుంటుంది. అట్ల చిక్కుకోబోయే ముందు దాన్ని లాగుతారు.”

“లాగేది ఎట్ల?”

“బోరు వేసి, రబ్బరు తిత్తి దించి, దాన్ని ఉబ్బిస్తారు. అది గోడలకు అతుక్కుని పై గాలిని ఆపుతుంది. దాని కింది గాలిని సన్న గొట్టంతో పంపు పెట్టి లాగి సీసాల్లో నింపుతారు.”

“పైనీళ్లు దిగకుండా కేసింగు ఏసినట్ల.”

“అట్లనే.”

“అయితే మనోళ్లు చేసే పనే. దానికి అంతదూరం పోవల్లనా?” అని, “మన ఎనుముల గాలి కూడా ఉంటాదా ఆడ?” అన్నాడు. ఉంటుందన్నాను. ఎనుములు, ఆవులు, వరిమళ్లు, చెత్తకుప్పలు, బొగ్గు గనులు వదిలే మీథేన్ అంతా కలిసి ఎక్కడికైనా పోతుందని, పాత గాలిలో తక్కువ, కొత్త గాలిలో ఎక్కువ ఉంటుందని చెప్పాను. ఆయన అది శ్రద్ధగా విన్నాడు. మా ఎనుములకు అంత పలుకుబడి ఉందని ఆయనకు అంతవరకు తెలియదు.

ఇప్పుడు ఆ సీసా సంగతి. వచ్చిన వాటన్నిటిలోకి ఎక్కువ లోతుది అది. గుల్ల మంచు ముగిసి గట్టి మంచు మొదలయ్యే చోటికి కాస్త పైనుంచి తీసినది. అందులో ఉన్నది మా నాయన పుట్టకముందటి గాలి. అట్లాగని ఒకే ఏడాది గాలి కాదు, ముందూ వెనకా ఏళ్ల గాలి కలగలిసి ఉంటుంది, ఆ కలుపును లెక్కలు కట్టి విడదీయాలి. ఇన్నేళ్లలో మీథేన్ ఎట్లా పెరిగిందో చూపే గీతకు ఆ సీసాయే మొదటి చుక్క. అది లేకపోతే గీత మొదలు లేకుండా నడుమనుంచి వేలాడుతుంది. దానికి జతగా నింపిన రెండో సీసా దారిలో ఎక్కడో పగిలిపోయింది. అంటే ఆ బోరు అడుగునుంచి పట్టి తెచ్చిన గాలి భూమి మీద ఇంకెక్కడా లేదు, నా టేబుల్ మీద తప్ప. అదైనా రెండుసార్లు కొలవడానికి సరిపోయేంత.

శుక్రవారం మధ్యాహ్నం దాన్ని కొలవాలని పెట్టుకున్నాను. కరెంటు ఎక్కువతక్కువలవుతోందని ఫోన్లో అన్నందుకు నాయన మోటారు షెడ్డులోని స్టెబిలైజరును గోనెసంచిలో చుట్టి, ఇంకో సంచిలో చీనీకాయలు వేసుకుని, బస్సులో తెచ్చాడు. ఆయనే బిగించాడు. మెషిన్ హాయిగా నడుస్తోంది. సీసా ఇంకా తెరవలేదు. ముందు గొట్టాలన్నిటినీ శుభ్రమైన గాలితో కడుగుతున్నాను. గాలి కదలడం లేదు.

సీసాకూ మెషిన్‌కూ నడుమ ఒక గాజు గొట్టం ఉంటుంది. అందులో తేమను పీల్చే మందు, పొడిగా ఉండేది, తేమ తిని ముద్దకట్టింది. దాన్ని తీసి మార్చుకుందామనుకుంటుండగా పరీక్షల డ్యూటీ గురించి ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపు వచ్చింది. “నాయనా, దేన్నీ ముట్టుకోవద్దు, ఇప్పుడే వస్తా,” అని పోయాను. తిరిగి వచ్చేసరికి గాలి చక్కగా పారుతోంది.

“నువ్వేమన్నా చేసినావా?”

“నేనేం చేస్తా. అదే వచ్చె.”

మొరాయించిన మోటారు ఒక్కోసారి దానంతటదే తిరుగుతుంది కదా అనుకున్నాను. పంపు పెట్టి గొట్టాన్ని ఖాళీ చేసి, సీసా వాల్వు తెరిచాను. కొద్దిగా పాత గాలి లోపలికి పోయింది. మంట దగ్గరికి చేరింది. గీత లేవడం మొదలైంది. ఆగాల్సిన చోట ఆగలేదు. పోయింది, పోయింది, కిటికీ బయట కడప గాలికి లేచే గీతను కూడా దాటి పోయింది.

మా నాయన పుట్టకముందటి గాలిలో ఈరోజు గాలికంటే మీథేన్ ఎక్కువ ఉండదు, ఉండకూడదు. ఎక్కడో సందుండి గది గాలి దూరిందనుకుందామా, అప్పుడు గది గాలి అంతవరకే రావాలి. దానిని మించి వచ్చిందంటే ఇంకేదో ఘాటైనది కలిసింది. సీసాలో ముందే కలిసిందా? అక్కడ మంచు మీద జనరేటరు పొగ సీసాలోకి పోయిందా? కాలేజీ హాస్టల్ వెనక పేడ గ్యాస్ తొట్టి ఉంది, ఆ గ్యాస్ గాలివాటుకు ఈ గదికి వచ్చిందా? లేక మెషిన్ లోపల ఏదైనా చెడిందా?

నేను స్క్రీన్ చూస్తున్నాను. నాయన నా ముఖం చూస్తున్నాడు. “నీళ్లు కట్టల్ల, పోతా,” అని లేచి, తినకుండానే బస్టాండుకు పోయాడు. అప్పుడు అది నాకు వింతగా తోచలేదు.

సాయంత్రం వరకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. కొలత ముందే తెలిసిన గాలిని నడిపాను, సరిగ్గా వచ్చింది. గది గాలిని అదే గొట్టంలోంచి నడిపాను, మామూలుగానే ఉంది. ప్రతి బిగింపుకూ సబ్బునీళ్లు పూశాను, ఒక్క బుడగ లేదు. చెడిపోయిన మెషిన్‌ను బాగుచేయవచ్చు. ఒక్కసారి చెడి, ఎవరికీ చెప్పకుండా బాగైపోయిన మెషిన్‌తో ఏం చేయాలి? అది మళ్లీ ఎప్పుడు చెడుతుందో ఎవరికి తెలుసు? సీసాలో ఇంకొక్కసారికే గాలి ఉంది.

పెద్ద ల్యాబ్ మేడమ్‌కు ఫోన్ చేశాను. నాకు చదువు చెప్పిన మనిషి, అరవదు, అదే భయం. “కారణం తెలిస్తే మళ్లీ నడుపు,” అంది. “తెలియకపోతే నడపొద్దు. సీసా మూసేసి పంపు, ఆ లోతు పోయిందని రాసుకుందాం. సోమవారం పొద్దున మా మనిషి వస్తాడు.”

పంపినా అది దక్కదని మా ఇద్దరికీ తెలుసు. కొంత గాలి తీసేశాక సీసా లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఇంక బయటి గాలి వాల్వు రబ్బరు సందుల్లోంచి మెల్లగా లోపలికి చొరబడుతూనే ఉంటుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నా నా ధ్యాస ఆ రబ్బరు మీదే ఉంది. మధ్యలో నాయనకు ఫోన్ చేసి, గొట్టం ఏమైనా కదిలించాడా అని ఇంకోసారి అడిగాను. “లేదంటి కదమ్మా,” అని పెట్టేశాడు.

శనివారం పొద్దున్నే ఊరికి పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. ల్యాబ్‌లో కూర్చుంటే ఆ వాల్వును చూస్తూ పిచ్చిదాన్ని అయ్యేదాన్ని. నాయన తోటలో ఉన్నాడని అమ్మ చెబితే అక్కడికి నడిచాను. నాయన చీనీ చెట్ల వరస చివర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. డ్రిప్పు పైపు కొస మూత తీసి, తుండుగుడ్డతో తుడిచి, నోటికి పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి గట్టిగా ఊదాడు. వరసలో ఎక్కడో ఒక చెట్టు కింద బురదనీళ్లు చిమ్మాయి. “పోయె,” అని తనలో తాను అనుకుని, ఉమ్మి, మూత బిగించాడు.

మా సీమలో డ్రిప్పు ఉన్న ప్రతివాడూ చేసే పని అది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పొద్దుటికల్లా చుక్క పడే రంధ్రాలు మూసుకుపోతాయి. చిన్నప్పుడు నేనూ ఊదాను. ఇన్నేళ్లు రోజూ చూసిన పనిలో ఆరోజు నాకు ల్యాబ్‌లోని గాజు గొట్టం కనిపించింది.

“నాయనా, నిన్న ల్యాబ్‌లో గొట్టం ఇట్లనే ఊదినావా?”

ఆయన తలెత్తలేదు. “ఏ గొట్టం?”

“మందు ఉండే గాజు గొట్టం.”

“ముట్టుకోవద్దంటివి. ముట్టుకోలా.”

“కోపం చేయను, చెప్పు.”

“కోపం చేయనంటానే గొంతు లేపుతాండావు.” లేచి నిలబడ్డాడు. మోకాళ్లకు మట్టి అంటుకుని ఉంది. “ముసిలితనంలో నన్ను దొంగను చేస్తాండావా?”

అడిగే కారణం చెప్పబోయి ఆగాను. అది చెప్పకూడదు. అసలు బాధ అక్కడే ఉంది. ఆయన ఊది ఉంటే నాకు మంచిది. కొందరి ఊపిరిలో మీథేన్ ఉంటుంది, కడుపులో ఉండే సూక్ష్మజీవుల వల్ల. ఊపిరే కారణమైతే మెషిన్ మంచిది, సీసా మంచిది, మందు మార్చి మిగిలిన గాలిని ధైర్యంగా నడపవచ్చు. ఈ మాట ఆయనకు చెప్పానా, ఊదకపోయినా ఊదానంటాడు. బిడ్డకు మేలవుతుందంటే ఆ మనిషి ఏదైనా ఒప్పుకుంటాడు. అప్పుడు ఆ మాటకు విలువ ఉండదు. నిజంగా మెషిన్‌లోనే లోపముంటే ఆఖరి గాలినీ అదే దారిలో పోగొట్టుకుంటాను. ఇంకో భయం దానికంటే పెద్దది. ఊదితే ఊదాడు, సీసా వైపు ఊదాడా? వాల్వు ఏ కాస్త తెరిచి ఉన్నా ఊపిరి సీసాలోకే పోయి ఉంటుంది. అప్పుడు అంతా అయిపోయినట్టే.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే అమ్మ కూరగాయలు తరుగుతూ అంతా విన్నది. “ఆయన ఏం చెప్తే నీకు మేలో చెప్పు. అదే చెప్పిస్తా,” అంది.

“అదే వద్దమ్మా.”

“నీ చదువు నాకు అర్థం కాదు,” అని కత్తిపీట పక్కకు జరిపి లేచిపోయింది.

ఆ రోజు నాయన స్పానరు పట్టుకుని ఎవరి మోటారో బాగుచేయడానికి పోయి సాయంత్రం దాకా రాలేదు. నాకు ఆయన మీద కోపం, నా మీద కోపం, మధ్యలో ఆ రబ్బరు సందుల్లోంచి గంటగంటకూ దూరుతున్న కడప గాలి మీద కోపం.

ఆదివారం చర్చికి పోవాలని నాకు లేదు. పోకపోతే అమ్మ వదలదు. మా పల్లె చర్చి పాతది, తాతల నాటి రాతి గోడలు, కింద మాత్రం ఈమధ్యే బేతంచెర్ల బండలు పరిచారు. ఎండాకాలం అవి చల్లగా ఉంటాయి కాబట్టి చాపలు చుట్టి పక్కన పెట్టేస్తారు. నేను కొంగు తల మీద వేసుకుని ఆడవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాటలు అయ్యాయి. ప్రార్థన అయింది. సోమవారం వచ్చే మనిషికి సీసాను ఏ పెట్టెలో పెట్టి ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాను.

సాక్ష్యాల వేళ వచ్చింది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును, తమ కష్టాన్ని ఎవరైనా లేచి నలుగురిలో చెప్పుకునే వేళ అది. ఒకామె బిడ్డ జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన బోరులో నీళ్లు ఇంకా ఉన్నాయని చెప్పాడు. తర్వాత మా నాయన లేచాడు.

“దేవుని నామమున అందరికీ వందనాలు,” అన్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నేను పెద్దను. ఈడ నిలబడి మీకు శానా చెప్పింటా. మొన్న శుక్రవారం నా కూతురు పని చెడగొట్టినా. గొట్టం మూసుకపోయింటే, ముట్టుకోవద్దని బిడ్డ చెప్పి పోయినా, నోరుపెట్టి ఊదినా. అడిగితే లేదంటి. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ లేదంటి.”

మూడుసార్లు అనగానే, కోడి కూసేలోపు ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు ఆ గదిలో అందరికీ గుర్తొచ్చాడు, నాకూ గుర్తొచ్చాడు. నా పక్కన ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన తల దించుకుని నిలబడ్డాడు. పాస్టరయ్య దయగా ఏదో అనబోయాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను లేచి నిలబడ్డాను.

“నాయనా, ఏ కొసన ఊదినావు?”

చర్చి మొత్తం ఆడవాళ్ల వైపు తిరిగింది. అమ్మ నా చీర పట్టి లాగింది. నేను కూర్చోలేదు. నాకు ఏమాత్రం సిగ్గనిపించలేదు.

“సీసా తట్టు ఊదినావా, మెషిన్ తట్టు ఊదినావా?”

నాయన తలెత్తాడు. బజారులో పోతూ ఎవరో మోటారు గురించి అడిగినప్పుడు పెట్టే ముఖం ఆ ఏడుపు ముఖం మీదికి వచ్చింది. “సీసా కాడ నట్టు ఊడదీసినా. ఆ కొసన నోరు పెట్టినా. మెషిన్ తట్టు పోయె. మళ్ల బిగించినా.”

“సీసా వాల్వు?”

“మూసే ఉండె.”

“నువ్వు ముట్టుకోలేదా?”

“దాన్ని ముట్టుకుంటానా? నేను పుట్టకముందు గాలంటివే.”

గోడ పట్టుకున్నాను. సంతోషమని ఆ క్షణంలో నాకు తెలియలేదు, కళ్లు మాత్రం నిండిపోయాయి. పాస్టరయ్య నన్నూ నాయననూ మార్చి మార్చి చూసి, “ఆశీర్వాదం అయినాక పోదురులేమ్మా,” అన్నాడు. ఆయన ఆ పూట ప్రసంగం కొంత తగ్గించాడని ఇప్పటికీ నా నమ్మకం.

బద్వేలు దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. సగం దారి దాటాక, ఆయన ఊదడం వల్లనే సీసా దక్కబోతోందని నాయనకు చెప్పాను. ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“ఆ మాట నిన్ననే చెప్పింటే?”

“చెప్పింటే నువ్వు ఊదకపోయినా ఊదినానంటావు.”

ఆలోచించాడు. “అంటా,” అని ఒప్పుకున్నాడు.

“మొన్ననే ఎందుకు చెప్పలేదు?”

“గొట్టంలో అడ్డు తీసిచ్చి నీకు మేలు చేసినా అనుకుంటి. ఆ గీత లేసినప్పుడు నీ ముఖం సూసినా. ఇంక నోరు రాలా.”

వాచ్‌మన్ కాలేజీ గేటు తీశాడు. ల్యాబ్‌లో గాజు గొట్టం విప్పి మందు బయటకు దులిపాను. ఒక కొసన అది రాయిలా ముద్దకట్టి ఉంది, నడుమ సన్నని దారి. నాయన ఊపిరి ఆ దారిన పోయినంత పోయి, మిగిలినది ముద్ద సందుల్లో చిక్కుకుంది. పంపు పెట్టినా అది కదల్లేదు. తర్వాత సీసా గాలి పోతూ పోతూ దాన్ని వెంట తీసుకుపోయింది. మంచు చేసే పనినే మా మందు ముద్ద చేసింది. కొత్త మందు నింపి, గొట్టాన్ని వేడిచేసి, తెలిసిన గాలిని నడిపి చూశాను. సరిగ్గా ఉంది.

“నేను బయట ఉంటా,” అన్నాడు నాయన. ఉండమన్నా వినలేదు.

వాల్వు మీద చేయి వేశాను. తిప్పితే మళ్లీ వెనక్కి లేదు. ఇంతలో లైట్లు ఒకసారి మసకబారి మళ్లీ వెలిగాయి. స్టెబిలైజరు టక్కుమని శబ్దం చేసి నిలదొక్కుకుంది. మెషిన్ లోపలి మంట ఆరలేదు. నేను వాల్వు తిప్పాను. స్క్రీన్ మీద గీత నేల మీద పాకినట్టు చాలాసేపు పాకింది. తర్వాత లేచింది. మెల్లగా, మర్యాదగా లేచి, ఈరోజు గాలి గీతలో సగానికి కాస్త పైన ఆగి, దిగిపోయింది.

నేను గట్టిగా ఏడ్చాను. అక్కడ ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. తర్వాత ముఖం కడుక్కుని బయటికి పోయాను.

నాయన వరండాలో లేడు. మెట్ల దగ్గర లేడు. అంత ఎండలో కాలేజీ గేటు దాకా పోయి, అక్కడ గోడ పక్కన, నోటికీ ముక్కుకూ తుండుగుడ్డ గట్టిగా కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేత్తోనే ఏమైందని అడిగాడు.

“వచ్చింది నాయనా. నీకంటే ముందుది. సరిగ్గా వచ్చింది.”

గుడ్డ విప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు. “ఇంక సీసాలో ఏమన్నా మిగిలినాదా?”

“లేదు. అయిపోయింది.”

“అంతేనా?” అన్నాడు. అన్నేళ్లు మంచు కింద ఉన్నది మా గదిలో ఇట్లా అయిపోయినందుకు ఆయనకు నిజంగా బాధ కలిగింది. ఆ మాట నాకు ఎప్పుడూ తట్టలేదు. కొలవడమంటే ఖర్చుచేయడమే కదా, అది నాకు అలవాటైపోయింది.

ఇంకో పని మిగిలింది. మొదటిసారి ఎందుకు చెడిందో మేడమ్‌కు మాటతో చెబితే చాలదు, చూపాలి. లోపలికి తీసుకుపోయి గాలి పట్టే ప్లాస్టిక్ సంచి ఒకటి ఆయన చేతికిచ్చాను. “ఊదు నాయనా.”

ఆయన సంచిని చూశాడు. మెషిన్‌ను చూశాడు. నా ముఖం చూశాడు. రోజూ పొద్దున్నే అడగకుండా అన్ని పైపులూ ఊదే మనిషి సంచి మూతి పెదాలకు తాకించి ఆగిపోయాడు.

“ఊదచ్చా?”

“ఊదు.”

ఊదాడు. అందులోంచి కొంచెం మెషిన్‌లోకి పంపాను. గీత లేచి బయటి గాలిని దాటి పోయింది. నా ఊపిరి కూడా పట్టి చూశాను, అందులో ఏమంత లేదు. ఫోన్లో చెబితే అమ్మ, “మీ నాయన కడుపులో ఏదో ఉండాదని నేను ఎప్పుడో చెప్తి,” అంది. మేడమ్ నవ్వలేదు. కారణం రాసి పంపమంది, రాసి పంపాను.

సోమవారం ఆమె మనిషి వచ్చి సీసాలు తీసుకుపోయాడు. అడుగు గాలి సీసా ఖాళీగా పోయింది. టేబుల్ మీద నాయన ఊదిన సంచి మాత్రం మిగిలింది, ఇంకా సగం పైన నిండుగా. ఆ సంచుల్లో గాలి నిలవదు, కొన్నాళ్లకు అంతా బయటికి పోతుంది, అది నాకు అందరికంటే బాగా తెలుసు. పని అయ్యాక ఖాళీ చేసి మళ్లీ వాడుకోవాలి. దాని మూతి విప్పబోయి, విప్పలేక, ఇంకొంచెం బిగించి, కిటికీ పక్కన మేకుకు తగిలించాను.